తెలుగు చెవికి తెలుగు మాట

కాట్రేనికోనలో గాని, ఆ చుట్టుపట్ల పల్లములో గాని, కుండలేశ్వరములో గాని, సాయంకాలము ఇంటిల్లిపాది రేడియో దగ్గర కూర్చున్న చోట ఒక ముచ్చట తరచుగా జరుగుచుండును. వార్తలు వచ్చుచుండగా ఇంటి పెద్ద ముందుకు వంగి, "ఒరే అబ్బాయ్, కొంచెం పెంచరా" అనును. మనుమడు మీట త్రిప్పును. ప్రక్కింటి అరుగు మీదివారికి కూడ వినబడునంతగా ధ్వని పెరుగును. అయినను ఆయన ముఖము విప్పారదు. "ఇంకెంత పెంచమంటారండీ తాతగారూ?" అని మనుమడు విసుగుకొనును. "వినబడతంది గానీ మాట తెలీట్లేదురా" అని ఆయన బదులు చెప్పును.

ఇంటివారు దీనిని ముసలి చాదస్తముగా తలతురు. కాని ఆయన చెప్పినది అక్షరాల నిజము. ధ్వని వినబడుట వేరు, మాట తెలియుట వేరు. ఈ రెంటికి నడుమనున్న దూరమును కొలుచుటకు ప్రపంచములోని ప్రయోగశాలలు సుమారు నూరేండ్లుగా ఒకరి సామగ్రిని మరొకరికి అందించుకొనుచు వచ్చినవి. ఆ ఉమ్మడి సామగ్రిలో ఎముకలున్నవి, యంత్రములున్నవి, అంకెలున్నవి, వేడినీళ్ళు చన్నీళ్ళు కూడ ఉన్నవి. అవన్నియు సముద్రములు దాటి మన దేశమునకు వచ్చినవి. ఒక్కటి మాత్రము అట్లు రాలేదు. రాదగినది కూడ కాదు. దానిని తెలుగునకు తెలుగులోనే చేసికొనవలసి వచ్చినది. ఆ కథయే ఈనాటి ప్రసంగము.

లోచెవి మనిషి దేహములో మిక్కిలి గట్టిదైన ఎముకలో, కణతకు లోవైపున దాగియున్నది. అందులో నత్తగుల్ల ఆకారమున రెండున్నర చుట్లు తిరిగిన ఒక గొట్టము కలదు. చుట్టలు విప్పి చాచినచో సుమారు 35 మిల్లీమీటర్లు ఉండును. దానిని ఆనుకొని మూడు అర్ధచంద్రాకారపు నాళములు ఒకదానికొకటి అడ్డముగా నిలిచియున్నవి. నత్తగుల్ల వినుటకు, నాళములు మనము తూలక నిలుచుటకు. కంటి లోపలి పొరను వైద్యుడు అద్దము పెట్టి చూడగలడు. బ్రదికియున్న మనిషి లోచెవిని అట్లు తెరచి చూచుటకు వీలు లేదు. తెరచుటయే దానిని చెడగొట్టుట యగును. కావున ఈ శాస్త్రము మొదటి నుండియు చనిపోయినవారి దయపై ఆధారపడి నడచినది.

ఈ పనిలో పేరెన్నిక గన్నవాడు వైద్యుడు కాడు, తపాలాశాఖ ఉద్యోగి. జార్జి ఫాన్ బెకెషీ 1899లో బుడాపెస్టు నగరమున పుట్టి, భౌతికశాస్త్రము చదివి, హంగరీ తపాలాశాఖవారి టెలిఫోను ప్రయోగశాలలో చేరినాడు. టెలిఫోనును బాగుచేయుట ఆయన ఉద్యోగము. అయితే తీగె చివరనున్న కడపటి యంత్రము మనిషి చెవియే గదా, అది పనిచేయు తీరు తెలియకుండ తీగెను ఎంతవరకు బాగుచేయవలెనను సందేహము ఆయనకు కలిగినది. ఆసుపత్రి నుండి శవముల కణత ఎముకలు తెప్పించుకొని, తపాలాశాఖ కర్మశాలలోని రంధ్రములు వేయు యంత్రముతోనే వానిని తొలుచుట మొదలుపెట్టినాడు. ఉదయమున పనికి వచ్చిన యంత్రకారులు తమ యంత్రము మీద ఎముకల పొడి చూచి గొణుగుకొనెడివారట. వారి గొణుగుడులో తప్పేమియు లేదు.

బెకెషీ ఆ ఎముకలో చిన్న కిటికీ తెరచి, లోపలి పొరపై లోహపు పొడి చల్లి, ఆగి ఆగి వెలుగు దీపపు కాంతిలో సూక్ష్మదర్శినితో చూచినాడు. ధ్వని తగులగానే ఆ పొర మీద ఒక అల బయలుదేరి, ముందునకు సాగి, ఒక చోట ఎత్తుగా లేచి, అంతటితో అణగిపోవుట ఆయన కంటబడినది. సన్నని ధ్వనికి అల గొట్టపు మొదటిలోనే లేచును; బొంగురు ధ్వనికి కొస దాక పోవును. వీణ దండిపై మెట్టు మెట్టునకు ఒక స్వరమున్నట్లే చెవిలోను చోటు చోటునకు ఒక స్వరమున్నది. 1928లో ఆయన దీనిని ప్రకటించినాడు. యుద్ధానంతరము స్వీడనునకు, 1947లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయినాడు. 1961లో నోబెల్ బహుమానము వచ్చినది. బ్రదికిన చెవిలో ఆ అల ఇంకను నిశితముగా ఉండునని తరువాతివారు కనుగొన్నారు. శవపు చెవితో పనిచేసిన బెకెషీకి అది కనబడు అవకాశము లేదు.

ఒక మనిషికి రెండే చెవులు. ఒక్కొక్క కణత ఎముకను సున్నము తీసి మెత్తపరచి, దృఢమగు ద్రావకములో నానవేసి, పలుచని పొరలుగా కోయుటకు ఏడాదియో అంతకు పైగానో పట్టును. ఒక ఎముక నుండి నాలుగైదు వందల పొరలు వచ్చును. ఇంత శ్రమతో సిద్ధమైన దానిని ఒక్క పరిశోధకుడు చూచి బీరువాలో పెట్టుకొనుట వ్యర్థము. పైగా ఆ ఎముక యజమానికి బ్రదికినప్పుడు ఎంత చెవుడు ఉండెనో, ఏ మందులు వాడెనో తెలియనిచో ఆ పొరలు మూగవి. అందుచేత 1960లో అమెరికాలో బధిరత్వ పరిశోధనా సంస్థ యొకటి జాతీయ కణత ఎముకల నిధిని నెలకొల్పినది. చెవుడు గలవారు తాము బ్రదికియుండగనే తమ వినికిడి లెక్కలతో సహా మరణానంతరము చెవులను ఇచ్చుటకు ఒప్పుకొనుట అందులోని పద్ధతి. 1992లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యమున బోస్టను నగరములో వినికిడికి, తూనికకు కలిపి ఒక ఉమ్మడి చిట్టా ఏర్పడినది. ఏ ఆసుపత్రిలో ఏ వ్యాధి గలవారి ఎముక ఉన్నదో అందులో వెదకి, దూరదేశపు పరిశోధకుడును ఆ పొరలను చూడవచ్చును.

ఎముకల తరువాత పంచుకొనవలసినది సున్న. వినికిడిని డెసిబెళ్ళలో కొలుతుము. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరుమీద వచ్చిన కొలత యది. ఆయన తల్లియు భార్యయు వినలేనివారు. ఆరోగ్యవంతుడగు యువకుడు వినగల అతి స్వల్పధ్వనిని సున్న అనుకొని, అక్కడి నుండి లెక్కింతురు. కాని ఏ యువకులను, ఎంత నిశ్శబ్దమగు గదిలో కూర్చుండబెట్టి కొలిచినారు? అమెరికావారి సున్నకు, ఇంగ్లండువారి సున్నకు సుమారు 10 డెసిబెళ్ళ తేడా ఉండెడిది. అనగా ఓడ దిగగానే మనిషి చెవి పది డెసిబెళ్ళు బాగుపడెడిది, లేదా చెడిపోయెడిది! 1964లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ఒకే సున్నను నిర్ణయించిన మీదట ఈ హాస్యము ముగిసినది.

తూనిక విషయమున పంచుకొనుట మరింత సులభమైనది. వియన్నా చెవి చికిత్సాలయములో రాబర్టు బారానీ అను యువవైద్యుడు రోగుల చెవులు నీళ్ళతో కడుగుచుండగా వారు తల తిరుగుచున్నదని మొరపెట్టుకొనిరి. నీళ్ళు చల్లనివైనచో కనుగ్రుడ్లు ఒక ప్రక్కకు, వేడివైనచో వేరొక ప్రక్కకు కొట్టుకొనుట ఆయన గమనించినాడు. ఎసటిలో వేడినీరు పైకి, చన్నీరు క్రిందికి పోయినట్లే, చెవి నాళములోని ద్రవము కదలి మెదడును భ్రమపెట్టునని ఊహించినాడు. 1983లో భారమే లేని అంతరిక్షనౌకలో ఈ పరీక్ష చేయగా అచ్చటను కనుగ్రుడ్లు కదలినవి. కావున ఆయన ఊహ మొత్తము కథ కాదని తేలినది. అయినను పరీక్ష మాత్రము నిలిచినది. 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము బారానీకి ప్రకటించు నాటికి ఆయన రష్యావారి చెరలో యుద్ధఖైదీ. స్వీడను రాజకుమారుడొకరి మధ్యవర్తిత్వమున 1916లో విడుదలై బహుమానము అందుకొన్నాడు. 1942లో లండనులో ఫిట్జ్‌జెరాల్డ్, హాల్‌పైక్ అను ఇద్దరు వైద్యులు ఆ నీళ్ళకు లెక్క కట్టినారు: శరీరపు వేడికి ఏడు డిగ్రీలు తక్కువ, ఏడు డిగ్రీలు ఎక్కువ, అనగా 30 డిగ్రీలు, 44 డిగ్రీలు. ఉష్ణమాపకము ఉన్న ఏ ఊరనైనను ఈ పరీక్ష చేయవచ్చును. నీళ్ళకు భాష లేదు.

ఆ పరీక్ష అవసరము మన దేశములో మరొక కారణమున పెరిగినది. 1943లో అమెరికాలో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్ క్షయరోగులకు సంజీవియై వచ్చినది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము వంటి చికిత్సాలయములలో గాలి, వెలుతురు, విశ్రాంతి తప్ప వేరు గతి లేని కాలమది. కాని 1945 నాటికే ఆ సూదిమందు కొందరి లోచెవిని చెరచునని, ముందుగా తూనిక నాళములు దెబ్బతినునని అమెరికా వైద్యులు గుర్తించినారు. పగలు నడువగలిగినవాడు చీకటిలో తూలును. రోగము కుదిరి ఇంటికి వచ్చినవాడు రాత్రి పొలముగట్టు మీద అడుగు వేయలేకపోవుట ఎంత వింత శిక్ష! ఈ తరగతి మందుల వలన కొన్ని కుటుంబములవారికి స్వల్పమోతాదుతోనే చెవుడు వచ్చుటకు తల్లి నుండి సంక్రమించు ఒక చిన్న మార్పు కారణమని 1993లో తేలినది. చీనాదేశపు కుటుంబముల రక్తమును, ఇజ్రాయెలులోని ఒక అరబ్బు కుటుంబపు రక్తమును ప్రక్కప్రక్కన పెట్టి చూచిన మీదట గాని ఆ సంగతి బయటపడలేదు. ఒక్క దేశపు ప్రయోగశాల తన బీరువాను తానే చూచుకొనుచు కూర్చున్నచో అది తెలిసెడిది కాదు.

మందు చెవిని తినుట తెలుగువారికి కొత్త కథ కాదు. గిడుగు వెంకట రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, సవరల భాష నేర్చుకొనుటకు కొండలలో తిరిగి, మన్యపు జ్వరమునకు లోనై, క్వినైను వాడి వాడి చెముడు తెచ్చుకొన్నారు. క్వినైను చెవుడు చాలమందికి తాత్కాలికము. ఆయనకు జీవితాంతము నిలిచినది. జనుల నోటి మాటకు సాహిత్యములో పీట వేయించుటకు ముప్పదియేండ్లు పోరాడిన మనిషి, సవర పలుకులలోని సూక్ష్మభేదములను చెవితో పట్టి వ్రాసిన మనిషి, తుదకు ఎదుటివారి మాట వినలేకపోయినాడు. ఈ విషయమును తలచినప్పుడెల్ల నాకు ఆయన నిఘంటువుల కంటె ఆయన చెవియే ముందుగా గుర్తునకు వచ్చును.

ఇక మాటల సంగతి. చెవిటివాని ముందు శంఖము ఊదినట్లు అను సామెతలో ఒక పరీక్ష ఇమిడియున్నది. శంఖము వినబడెనా లేదా అనునది ధ్వనిపరీక్ష. చెవి వైద్యశాలలో యంత్రముతో చేయు మొదటి పరీక్షయు అంతే. సన్నని కూత, బొంగురు కూత వినిపించి, వినబడినప్పుడు మీట నొక్కుమందురు. కాని మన తాతగారు శంఖము వినగలరు. ఆయనకు కావలసినది వార్తలు.

మాటతో పరీక్షించుట మొదలుపెట్టినవారును టెలిఫోనువారే. 1920 దశకములో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారు ఒక గ్రామఫోను పెట్టెకు నలుబది వరకు చెవిగొట్టములు తగిలించి, బడిపిల్లలను వరుసగా కూర్చుండబెట్టి, పళ్ళెము మీద అంకెలు చదివించినారు. కంఠస్వరము క్రమముగా తగ్గిపోవుచుండగా పిల్లలు వినబడిన అంకెలను కాగితముపై వ్రాసెడివారు. తరువాత రెండవ ప్రపంచయుద్ధములో విమానపు హోరులో ఆజ్ఞలు వినబడవలసిన అవసరము వచ్చి, హార్వర్డులో ధ్వని-మనస్తత్త్వ ప్రయోగశాల వెలసినది. అక్కడివారు 1947, 1948 సంవత్సరములలో ఇంగ్లీషు మాటల పట్టికలు ప్రకటించినారు. సెయింట్ లూయిస్ నగరములోని బధిరుల కేంద్రీయ సంస్థ 1952లో వానిని సవరించి పళ్ళెముల మీదికి ఎక్కించినది. ఒక పట్టికలో బేస్‌బాల్, ఎయిర్‌ప్లేన్, కౌబాయ్ వంటి మాటలు, రెండు భాగములు సమానమగు ఊనికతో పలుకునవి. వానిలో సగము ఏ మోతాదులో తెలియునో అది మనిషి మాటను పట్టుకొను మెట్టు. ఇంకొక పట్టికలో ఏకాక్షర పదములు యాబది. హాయిగా వినబడునంత బిగ్గరగా చెప్పినను వానిలో ఎన్ని సరిగా తిరిగి చెప్పునో అది మనిషి మాటను తెలిసికొను శక్తి. మన తాతగారి బాధ ఈ రెండవ పట్టికలో బయటపడును.

ఈ పట్టికలు ప్రపంచమంతట ప్రయోగశాలలకు ఉమ్మడి సొత్తయినవి. కాని కౌబాయ్ అను మాటను కాట్రేనికోన రైతునకు వినిపించి, ఆయన తిరిగి చెప్పలేదని చెవిని తప్పుపట్టుటకు వీలు లేదు. మాటలు తర్జుమా చేసినను పని జరుగదు. ఇంగ్లీషున ఏకాక్షర పదములు కోకొల్లలు. హల్లుతో మొదలై హల్లుతో ముగియును. తెలుగు అజంత భాష. రా, పో, తే, నీ, మా వంటివి విడిచినచో మనకు ఒంటి అక్షరపు మాటలు అరుదు. రెండక్షరముల మాటయే మన సహజమగు కొలత. సమానపు ఊనిక గల జంటపదములను పరీక్షకై వెదకినను మనకు దొరకవు. మన మాటలలో అట్టి ఊనికకు అర్థము లేదు. దానికి బదులు మనకున్నవి వేరే భేదములు. వడ, వాడ, గడి, గడ్డి. అచ్చు సాగినచో ఒక అర్థము, హల్లు ఒత్తినచో వేరొక అర్థము. ఇంగ్లీషు పట్టిక ఈ భేదములను ఎన్నడును పరీక్షింపదు.

ఇక్కడనే తాతగారి ఫిర్యాదునకు సమాధానము కూడ దొరకును. మాటలోని బలమంతయు అచ్చులలో ఉన్నది. అర్థములో అధికభాగము హల్లులలో ఉన్నది. అచ్చులు బొంగురు ధ్వనులు, బిగ్గరగా ఉండును. స, చ, త, క వంటి హల్లులు సన్ననివి, క్షణమాత్రము మెరసి పోవును. వయసు మీరినకొలది నత్తగుల్లలో మొదటి చుట్టు ముందుగా అరుగును. సన్నని ధ్వనులకు స్థానము అదియే గదా. అక్కడి కేశకణములు ఒకసారి చచ్చినచో మనుష్యులకు తిరిగి మొలవవు. అప్పుడు కాలు, చాలు, తాలు, పాలు, వాలు అను ఐదు మాటలును ఒకే మాటగా వినబడును. ప్రతి మాట చివరను ఒకే "-ఆలు" మ్రోగుచుండును. మొదటి హల్లు మాయమై పోవును. ధ్వని పెంచినను అచ్చు మరింత బిగ్గరగును గాని హల్లు తేరుకొనదు. మధ్యతరంగ ప్రసారములో పై స్వరములు సహజముగనే కొంత కోతపడును గనుక రేడియో ముందు ఆయన కష్టము రెట్టింపగును. మనుమడు మీట త్రిప్పుట వలన ప్రయోజనము లేకపోవుటకు కారణమిదియే. నెమ్మదిగా, ముఖాముఖిగా, పెదవులు కనబడునట్లు చెప్పినచో కేక వేయకయే ఆయనకు తెలియును.

తెలుగు పట్టికను మొదట సిద్ధపరచినది తెలుగుదేశములో కాదు, మన పొరుగున తమిళనాడులో. చిత్తూరు జిల్లా సరిహద్దునకు దగ్గరగా ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తెలుగు రోగులు ఆ రోజులలోను వెల్లువగా పోవుచుండిరి. అచ్చటి వై. పి. కపూర్‌గారు దేశములోని వినికిడి లోపము గలవారి అవసరములను పరిశీలించి 1971లో ప్రకటించిన కృషిలో తమిళము, మలయాళములతో పాటు తెలుగునకు కూడ మాటల పట్టిక ఉన్నది. ఆ దశకములోనే హిందీకి, కన్నడమునకు పట్టికలు వచ్చినవి. 1965లో మైసూరులో వెలసిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇట్టి పనికి దక్షిణదేశమున పెద్ద దిక్కయినది. 1983లో బొంబాయిలో మరొక జాతీయ సంస్థ ఏర్పడి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టుకొన్నది. దాని దక్షిణ ప్రాంత కేంద్రము సికింద్రాబాదులో ఉన్నది. 2012లో రత్నకుమార్, పంచానన్ మొహంతీగార్లు తెలుగు పెద్దలకై ఒక పరీక్షావళిని ప్రతిపాదించినారు. ఒకరు శ్రవణశాస్త్రము, మరొకరు భాషాశాస్త్రము. ఆ జంట అట్లుండుట తగినదే. ఈ పనిని ఏ ఒక్కరును తమ గదిలో కూర్చుండి చేయలేరు.

ఎందుకనగా పట్టికలోని ధ్వనులు జనులు మాటలాడు నిష్పత్తిలో ఉండవలెను. ఖ, ఘ, ఛ, ఠ లు మన అక్షరమాలలో తలయెత్తుకొని నిలిచియున్నవి. పొలములోని నోట వానికి చోటు తక్కువ. పుస్తకములను చూచి లెక్కవేసినచో ఒక పట్టిక వచ్చును, నోళ్ళను విని లెక్కవేసినచో వేరొక పట్టిక వచ్చును. చెవి పరీక్షకు రెండవదే కావలెను. గ్రాంథిక వ్యావహారిక వివాదము సాహిత్యసభలలో ముగిసినది గాని, వైద్యశాలలోని ఈ చిన్నగదిలో గిడుగువారి పక్షము నెగ్గక తప్పదు. ఈ మాటను నేను ఇట్టి భాషలో వ్రాయుట చూచి చదువరులు నవ్వుకొన్నను తప్పులేదు.

ఆ నోళ్ళయినను ఒక్క తీరున లేవు. మనము కొబ్బరికాయ అన్నదానిని రాయలసీమవారు టెంకాయ అందురు. మన ఆనపకాయ వారికిని తెలంగాణమువారికిని సొరకాయ. దింపు అనగా చెట్టు నుండి కాయ తీయుట యనియు, కురిడీ అనగా నీరింకి ఎండిన కాయ యనియు కోనసీమలో పసిపిల్లవానికి తెలియును. మెతుకుసీమలో పండితునకును తెలియకపోవచ్చును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సమకూర్చగా 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము, మొదటి సంపుటములోనే, వ్యవసాయపు మాటలు జిల్లా జిల్లాకు ఎట్లు మారునో పటము గీచినట్లు చూపినది. చెవి బలహీనమైనవాడు సగము మాట విని మిగిలిన సగమును ఊహతో పూరించుకొనును. తెలిసిన మాటను పూరించుకొనగలడు, తెలియని మాటను పూరించుకొనలేడు. పట్టికలో పరాయిసీమ మాట ఉన్నచో అప్పుడు కొలుచునది చెవిని కాదు, నిఘంటువును. కావున అన్ని సీమలకు తెలిసిన రెండక్షరముల మాటలనే ఏరవలెను. పాలు, కాలు, ఇల్లు, చెట్టు, ఆవు వంటివి. తెలుగునాట వేల మాటలున్నను, ఈ జల్లెడలో నిలుచునవి అనుకొనినంత హెచ్చుగా లేవు.

మాటలు ఏరిన తరువాత వానిని పలుకు కంఠము ఒకటి ఉన్నది. పరీక్ష చేయువారు తామే నోటితో చదివినచో ఒకరి గొంతు హెచ్చు, ఒకరి గొంతు తగ్గు. ఉదయము ఒక తీరు, అలసిన సాయంకాలము ఒక తీరు. అమలాపురములో నూటికి అరువది మార్కులు వచ్చినవానికి కాకినాడలో ఎనుబది వచ్చినచో, చెవి బాగుపడెనో, చదివినవారు మారిరో చెప్పజాలము. శబ్దగ్రహణము చేసి, ఒకే మోతాదునకు సరిచూచి, అన్ని ఆసుపత్రులకు ఒకే ప్రతి పంపినచో గాని ఈ చిక్కు వీడదు. రేడియోవారికి ఇది తెలియని విద్య కాదు. తెలుగు కంఠములను తూచి ఎన్నుకొని, గోడలకు మెత్తలు వేసిన గదిలో నిలబెట్టి, ఒక్కొక్క మాటను స్పష్టముగా పలికించుటయే గదా వారి నిత్యకృత్యము.

ఇది పండితుల పట్టింపు మాత్రమే యనుకొనరాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము చెవిటితనమును డెసిబెళ్ళలో నిర్వచించినది: రెండు చెవులలో 70 డెసిబెళ్ళ లోపమున్నవాడు బధిరుడు, 60 నుండి 70 వరకు ఉన్నవాడు వినికిడి మందగించినవాడు. శంఖము వినగలిగి మాట తెలియనివాడు ఆ నిర్వచనములో ఇముడడు. వాని కష్టమును అంకెలలో చూపవలెనన్నచో మాటల పట్టిక తప్ప వేరు సాధనము లేదు. వినికిడి యంత్రము కొనియిచ్చిన కొడుకు, "పెట్టుకోవడం లేదేమండీ నాన్నగారూ?" అని నిష్ఠూరమాడుటకు ముందు, ఆ యంత్రముతో ఆయనకు ఎన్ని మాటలు అదనముగా తెలియుచున్నవో లెక్క తీయించినచో ఇద్దరికిని మేలు. చెవిలో విద్యుత్ యంత్రము అమర్చిన పసిపిల్లల విషయమున ఆ లెక్క మరింత ముఖ్యము. ఆ బిడ్డ మొదట నేర్వబోవునది అమ్మ నోటి తెలుగు గనుక, యంత్రపు మీటలను ఎట్లు సరిచేయవలెనో ఆ తెలుగుతోనే తేల్చవలెను.

కాట్రేనికోన నుండి మన తాతగారు మురమళ్ళ మీదుగా యెదుర్లంక వంతెన దాటి, యానాము గుండ కాకినాడ పోయినారనుకొందము. ఆసుపత్రిలో మెత్తని గోడల చిన్నగదిలో కూర్చుండబెట్టి, చెవులకు గొట్టములు తగిలించినారు. కూతల పరీక్ష అయినది. అద్దమునకు ఆవల కూర్చున్న అమ్మాయి, పెదవులు కనబడకుండ కాగితము అడ్డము పెట్టుకొని, "నేను చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పండి తాతగారూ" అన్నది. "ఇల్లు" అన్నది, "ఇల్లు" అన్నారు. "ఆవు" అన్నది, "ఆవు" అన్నారు. "పాలు" అన్నది; ఆయన ఒక క్షణము ఆలోచించి "కాలు" అన్నారు. "చాలు" అన్నది. "తాలు" అని, అంతటితో ఆగక, "ఈ యేడు తాలెక్కువేనమ్మా" అన్నారు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకొని, నాలుగవ గడిలో తప్పు గుర్తు వేసి, తరువాతి మాట చదివినది.